పొద్దున్నే మిస్సింగ్, మధ్యాహ్నానికి మాయం: ఒక పాత కారు డైరీ

జూన్ 29, 2025

నాన్న ఈ కారును 1997లో కొన్నారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. ఇది మారుతి 800 అని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. నాన్న పోయాక నా చేతికొచ్చింది. అమ్మెయ్యమని చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ నాకు మనసొప్పలేదు. రోజూ స్కూలుకు ఇందులోనే వెళ్తాను.

మా ఇల్లు విశాఖపట్నంలో, పెదవాల్తేరులో. సముద్రం కిలోమీటరు లోపే. బండి గేటు లోపల రేకుల కింద ఉంటుంది. వాన నేరుగా పడదు కానీ గాలి మూడు వైపుల నుంచీ కొడుతుంది.

మూడు వారాలుగా పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది, అంటే మధ్యమధ్యలో తడబడుతోంది. రెండు మూడు సెల్ఫులకు గానీ అందుకోదు. అందుకున్నాక స్లోలో వదిలితే గేర్ రాడ్, స్టీరింగ్, లోపలి అద్దం అన్నీ వణుకుతాయి. ఉన్నవే మూడు సిలిండర్లు కాబట్టి ఒకటి మానేస్తే బండంతా ఊగిపోతుంది. పది పన్నెండు నిమిషాలు నడిపాక దానంతటదే సర్దుకుంటుంది. సాయంత్రం స్కూలు నుంచి వచ్చేటప్పుడు కుట్టుమిషన్‌లా నడుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మధ్యాహ్నం గ్యారేజీకి తీసుకెళ్తే చూపించడానికి జబ్బే ఉండదు. ఒక గ్యారేజీలో ప్లగ్గులు మార్చి, కార్బురేటర్ విప్పి కడిగి ఇచ్చారు. ఆ రెండ్రోజులూ ఎండ కాసింది, బండి బాగుంది. మూడో రోజు మబ్బు పట్టింది, మిస్సింగ్ తిరిగొచ్చింది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: తప్పు ఎక్కడుందో కళ్లతో చూసేదాకా ఒక్క పార్టు కూడా కొనను. చూసింది చూసినట్టు ఇక్కడ రాస్తాను.

జులై 5

వారం రోజులు లెక్క రాశాను. గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొని బోనెట్ కింద పెట్టాను. పొద్దున స్టార్ట్ చేసే ముందు తేమ ఎంత, రాత్రి వాన పడిందా లేదా, మిస్సింగ్ ఎన్ని నిమిషాలుంది, ఇవే నోట్సు.

నేను అనుకున్నది తప్పని మూడో రోజుకే తెలిసింది. వానకూ మిస్సింగ్‌కూ ముడి పెట్టుకున్నాను. రాత్రంతా చుక్క వాన లేని పొద్దున కూడా మీటరు 88 చూపిస్తే మిస్సింగ్ వచ్చింది. సాయంత్రం జల్లు పడి, ఆ తర్వాత పడమటి గాలి తిరిగి తేమ 68కి దిగిన పొద్దున మాత్రం ఒక్క సెల్ఫుకే అందుకుంది. నీళ్లు పడ్డాయా లేదా అన్నదానికంటే గాలిలో ఎంత చెమ్మ ఉందన్నదే ముఖ్యమని తేలింది.

ఇది ఆలోచిస్తూ వంటింట్లోకి వెళ్తే అమ్మ ఉప్పు డబ్బాలో బియ్యం గింజలు వేస్తోంది. ఈ కాలంలో మా ఊళ్లో ఉప్పు గడ్డ కట్టని ఇల్లుండదు. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే దానంతటదే నీరు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే అంతకు చాలా ముందే చెమ్మగిల్లుతుంది. మా ఇంజన్ మీద ఎన్నో ఏళ్లుగా సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు, రోడ్డు దుమ్ము, కాస్త నూనె కలిసి ఒక పొరలా పేరుకున్నాయి. పొడిగా ఉన్నప్పుడు ఆ పొర వల్ల ఏమీ కాదు. చెమ్మ పట్టిందంటే కరెంటుకు దారిస్తుంది. మంచినీళ్ల కంటే ఉప్పునీరు ఎన్నో రెట్లు ఎక్కువగా కరెంటును మోస్తుంది. వాన పడని రోజున కూడా బండి ఎందుకు ఏడుస్తోందో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. ఆ దారి ఎక్కడుందో మాత్రం ఇంకా తెలియదు.

జులై 6, ఆదివారం

నాన్న హయాం నుంచి ఈ బండి చూస్తున్న మేస్త్రి గారికి ఫోన్ చేశాను. ఇప్పుడు షెడ్డు నడపడం మానేశారు. చెప్పింది విని, “మధ్యాహ్నం తెస్తే నేనేం చూస్తాను బాబూ? రాత్రి బండి తియ్యకు. పొద్దున్నే నేనే వస్తాను, నేనొచ్చేదాకా బోనెట్ కూడా ఎత్తకు” అన్నారు. అయిదున్నరకల్లా వచ్చారు.

ముందు సైలెన్సర్ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుని నిలబడ్డారు. “ఒకే సిలిండర్ పోతోంది బాబూ. లెక్క తప్పకుండా పోతోంది. పెట్రోలు గొడవైతే ఇలా వరస పట్టుకుని కొట్టదు.”

ఏ సిలిండరో తేల్చడానికి ఒక్కొక్కటే ఆపి చూశాం. నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్ వైరు చేత్తో లాగేవాళ్లను చూశాను, అలా చెయ్యకండి. అందులో ఉండేది సుమారు 20,000 వోల్టులు. పైగా వైరు గాల్లో వేలాడితే కరెంటు వెళ్లే చోటు లేక, ఆ వోల్టేజీని పుట్టించే కాయిల్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతినవచ్చు. మేస్త్రి గారి పద్ధతి ఇది: ఇంజన్ ఆపి, ఒక వైరు తీసి, దానికి పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గును ఇంజన్ ఇనుముకు గట్టిగా కట్టాలి. అప్పుడు స్టార్ట్ చేసి వినాలి. 1 తీస్తే ఇంజన్ ఆగిపోబోయింది. 3 తీసినా అంతే. 2 తీస్తే ఏ తేడా లేదు. మధ్య సిలిండరు ముందే మానేసిందన్నమాట.

అదయ్యాక, “నువ్వు చెమ్మ అంటున్నావు కాబట్టి చెమ్మ వచ్చే దారులన్నీ చూద్దాం” అని ఇంకో రెండు అనుమానాలు తీర్చారు. మొదటిది పెట్రోల్లో నీళ్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది తేమ పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరుతుంది. పెట్రోలు పైపు విప్పి గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచాం. అడుగున రెండో పొర కనిపించలేదు. రెండోది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ సిలిండర్లకూ మధ్య ఉండే సీల్. అది లీకైతే రాత్రి పూట సిలిండర్లోకి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) చుక్కలు దిగి పొద్దున అచ్చం ఇలాగే ఒక సిలిండరు మొరాయిస్తుంది, పది నిమిషాలకు బాగవుతుంది. కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టాం. ఆయిల్ మూత తీస్తే మజ్జిగ నురగలాంటిదేమీ లేదు. రెండు మూడు వారాలు గీత చూడమన్నారు.

వెళ్తూ వెళ్తూ నాన్న సీటు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగారు. డబ్బులు తీసుకోలేదు. అమ్మ పెట్టిన టిఫిన్ మాత్రం తిన్నారు.

జులై 13

ఈ ఎంట్రీ చదివేవాళ్లు కాస్త జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే ఇక్కడే నేను పక్కదారి పట్టాను.

2వ సిలిండరు ప్లగ్గు తీసి 3వ దానిలో పెట్టి, 3ది తెచ్చి 2లో పెట్టాను. మర్నాడు మళ్లీ 2నే పోయింది. అంటే ప్లగ్గు మంచిదే. తర్వాత మల్టీమీటరుతో వైర్లు కొలిచాను. 1వ వైరు 5.8 కిలో ఓమ్‌లు, 2వది 6.1, 3వది 6.9. పొడవును బట్టి ఆ మాత్రం తేడా ఉంటుంది. వంచి, మెలిపెట్టి చూసినా అంకె కదల్లేదు. కాబట్టి వైర్లు బాగున్నాయని నోట్సులో రాసుకుని కాయిల్ మీద అనుమానపడ్డాను. నాలుగు రోజులు కాయిల్ చుట్టూనే తిరిగాను.

నిన్న రాత్రి స్కూలు ల్యాబు పని చూసుకుంటుంటే వెలిగింది. మల్టీమీటరు లోపల ఉండేది 9 వోల్టుల బ్యాటరీ. వైరు లోపలి తీగ తెగిందా లేదా అన్నది అది చెప్పగలదు. వైరు పైనున్న రబ్బరు 20,000 వోల్టులను ఆపుతోందా లేదా అన్నది దానికెలా తెలుస్తుంది? నేను అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది. అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ పేజీలో “వైర్లు బాగున్నాయి” అన్న మాట కొట్టేసి “వైర్ల లోపలి తీగ బాగుంది” అని రాశాను.

జులై 24, అమావాస్య రాత్రి

చీకటి బాగా ఉండే రాత్రి కోసం పది రోజులు ఆగాను. గేటు దగ్గర బల్బు తీసేశాను. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పావుగంట ఊరికే నిలబడ్డాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చూస్తానని పట్టుబట్టింది. బండికి దూరంగా, మెట్ల మీద కూర్చునే షరతు మీద ఒప్పుకున్నాను.

ఇలాంటి పని చేసేవాళ్లకు ముందు జాగ్రత్త: బండి న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. పెట్రోలు వాసన ఏ మాత్రం వచ్చినా స్టార్ట్ చెయ్యకూడదు. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడైనా దానంతటదే తిరగొచ్చు, కాబట్టి చేతులు, కండువాలు, చున్నీలు దగ్గరికి రాకూడదు. మూసిన షెడ్డులో అసలు వద్దు.

మీటరు 84. ఇంజన్ స్టార్ట్ చేసి బోనెట్ ఎత్తాను. ముందు ఏమీ కనిపించలేదు. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి, మంచు కురిసినట్టు సన్నగా, ఒక్కో చోట కొట్టి ఆగి చూశాను. కాయిల్ మీద కొట్టాను, ఏమీ లేదు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మూతకు, అంటే క్యాప్‌కు వచ్చే వైరు మీద కొట్టాను, లేదు. 1వ వైరు, లేదు. 2వ వైరు మీద కొట్టానో లేదో, మధ్యలో ఒకచోట నీలం రంగు దారాలు రెండు పుట్టాయి. టిక్ టిక్‌మని చప్పుడు, ఆ చప్పుడుతో పాటే ఇంజన్ తడబాటు.

“నాన్నా, అక్కడ మెరుస్తోంది!” అని మెట్ల మీది నుంచి అమ్మాయి కేక వేసింది. అంత దూరం నుంచి కూడా కనిపించిందన్నమాట. ఇన్ని వారాల టెన్షన్ ఆ క్షణంలో దిగిపోయింది.

ఇంజన్ ఆపి టార్చి వేసి చూస్తే కథంతా అక్కడే ఉంది. ప్లగ్ వైర్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో విరిగిపోయింది. వైరు వేలాడకుండా దాన్ని సన్నటి బైండింగ్ వైరుతో ఒక ఇనుప బ్రాకెట్‌కు కట్టేశారు. ఏళ్ల తరబడి ఇంజన్ అదురుకు ఆ ఇనుప తీగ రబ్బరులోకి కొరుక్కుపోయింది. ఎండకు, వేడికి రబ్బరు కూడా గట్టిపడి పైన సన్నటి బీటలు వేసింది. పొడిగా ఉన్నప్పుడు మిగిలిన ఆ కాస్త రబ్బరు కరెంటును ఆపుతోంది. చెమ్మ పట్టిన ఉప్పు పొర బీటల్లోకి దిగితే కరెంటు ప్లగ్గు దాకా వెళ్లకుండా బైండింగ్ తీగ మీదుగా ఇంజన్ ఇనుములోకి దిగిపోతోంది. ఇంజన్ వేడెక్కి పొర ఆరిపోయేసరికి పది నిమిషాలు. అందుకే ఆ పది నిమిషాలు.

ఇంకో సంగతి కూడా దీనితో తేలింది. సిరిపురం ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే మిస్సింగ్ ఎక్కువయ్యేది. తొక్కినప్పుడు సిలిండర్లోకి ఎక్కువ గాలి వస్తుంది, నొక్కుడు పెరుగుతుంది. నొక్కుడు పెరిగితే ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. లోపలి దారి కష్టమైన కొద్దీ కరెంటుకు బయటి దొంగదారి తేలికవుతుంది.

జులై 27

ఆటోనగర్ వెళ్లి వైర్ల సెట్టు, కొత్త ప్లాస్టిక్ క్లిప్పులు తెచ్చాను. వైర్లు ఒక్కొక్కటే మార్చాను. మూడూ ఒకేసారి లాగేస్తే ఏది ఎక్కడిదో తికమకపడతారు. ఈ బండి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో నిప్పు పడే వరస, 1-3-2. బైండింగ్ తీగ కట్ చేసి పారేశాను. ప్రతి రబ్బరు టోపీ లోపల బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు రాశాను. ఇది కరెంటును మోసేది కాదు, నీటిని లోపలికి రానివ్వనిది. మామూలు గ్రీజు పెట్టకండి, రబ్బరు ఉబ్బిపోతుంది.

ప్లగ్గుల తెల్లటి పింగాణీ మీద పెన్సిల్ గీతలాంటిది ఏమైనా ఉందేమో చూశాను. 2వ దాని మీద సన్నగా ఒకటి కనిపించింది, తుడిస్తే పోయింది. తుడిచినా పోకపోతే ప్లగ్గు మార్చాల్సిందే. అది కరెంటు పింగాణీ మీదుగా జారి వేసుకున్న దారి.

వారం రోజులు చూడాలి. కూలెంట్ గీత కదల్లేదు.

ఆగస్టు 3

ఆరు పొద్దులు హాయిగా గడిచాయి. నిన్న సాయంత్రం కుండపోత. జ్ఞానాపురం రైలు వంతెన కింద నీళ్లు నిలిచాయి, ముందు వెళ్తున్న బస్సు చిమ్మిన నీళ్లు మా బోనెట్ కిందికి దూరాయి. వంతెన దాటిన వంద గజాల్లో మళ్లీ మొదలైంది. ఈసారి వేరే రకం. కార్బురేటర్ లోంచి తుమ్మినట్టు తుప్‌మని చప్పుడు, బండి జెర్కులు. పక్కకు తీసి ఆపాను. నా వెనక ఆటో అతను దిగి, బోనెట్ మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. పేరు కూడా అడగలేకపోయాను.

డిక్కీలో డబ్ల్యూడీ-40 డబ్బా ఉంది. ఆ పేరులోని డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని తొలగించేది అని. 1953లో అమెరికాలో నలభయ్యో ప్రయత్నానికి కుదిరిన మందట, అందుకే 40. ఇంజన్ ఆపి, క్యాప్ తీసి, లోపలా బయటా ఒకసారి కొట్టి, గుడ్డతో తుడిచి, ఆవిరి పోయేదాకా అయిదు నిమిషాలు ఆగి స్టార్ట్ చేశాను. ఇల్లు చేరాం. అయితే ఇది ఆ పూట గడవడానికే. దాని పలుచని నూనె పొర మీద మళ్లీ దుమ్ము పట్టుకుంటుంది.

ఈ పొద్దున మేస్త్రి గారి పద్ధతిలో మళ్లీ పరీక్ష చేశాను. ఈసారి బలహీనంగా ఉన్నది 3. కొత్త తప్పు అనుకుని నీరసం వచ్చింది. తర్వాత ఆ తుమ్ము గురించి కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. మూడు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ 240 డిగ్రీలు తిరిగేసరికి ఒకసారి నిప్పు పడుతుంది. 3కు నిప్పు పడాల్సిన సమయంలో 2 ఏం చేస్తుంటుంది? గాలీ పెట్రోలూ పీల్చుకుంటూ ఉంటుంది, వాల్వు తెరుచుకునే ఉంటుంది. లోపల నొక్కుడు లేదు, కాబట్టి నిప్పురవ్వ దూకడం చాలా తేలిక. డిస్ట్రిబ్యూటర్ లోపల 3 నుంచి 2కు ఏదైనా దారి ఏర్పడితే, 3కు రావాల్సిన కరెంటు 2కు వెళ్లిపోతుంది. 3 మానేస్తుంది. 2లో తెరిచి ఉన్న వాల్వు వెనక మంట అంటుకుని కార్బురేటర్ తుమ్ముతుంది. రెండు లక్షణాలూ ఒకే చోటు చూపిస్తున్నాయి.

క్యాప్ తీసి కిటికీ వెలుగులో వంచి చూశాను. 2, 3 టెర్మినళ్ల మధ్య వెంట్రుక మందాన నల్లటి గీత. గోరుతో గీకితే పోదు. చెమ్మలో కరెంటు జారిన ప్రతిసారీ ప్లాస్టిక్ కాస్త కాలి బొగ్గవుతుంది, బొగ్గు కరెంటును మోస్తుంది, మరోసారి జారడానికి ఇంకా సులువవుతుంది. అలా దానంతటదే పెరిగే గీత ఇది. కొందరు ఎమరీ పేపరుతో గీకేసి వాడతారు. గీకినచోట గరుకు మిగిలి దుమ్ము ఇంకా తొందరగా పడుతుంది, అందుకే నాకు ఆ పద్ధతి నచ్చదు.

టెర్మినళ్ల మీద తెల్లటి పొడి కూడా ఉంది. అవి అల్యూమినియంవి. ఉప్పుగాలికి అల్యూమినియం అలా పూస్తుంది.

ఆగస్టు 10

కొత్త క్యాప్, దాని లోపల తిరుగుతూ ఒక్కో వైరుకు కరెంటు అందించే రోటర్ తెచ్చాను. టెర్మినళ్లు ఇత్తడివి ఉన్నది అడిగి మరీ తీసుకున్నాను. మొదట వెళ్లిన షాపులో క్యాప్ ఇచ్చారు గానీ దాని కింద కూర్చునే రబ్బరు సీల్ ఇవ్వలేదు, “అది ఎవరూ వెయ్యరండి” అన్నారు. అది లేకుండా క్యాప్ తీసుకుని లాభం లేదు. మా పాత సీల్ ఎండిపోయి మూడు ముక్కలైంది, అందులో ఒక ముక్క అసలు లేదే లేదు. వేడి ఇంజన్ ఆపాక క్యాప్ లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ సందులోంచి బయటి తడిగాలిని లోపలికి లాక్కుంటుంది. రాత్రి ఆ తేమ లోపలి గోడల మీద చెమటలా పడుతుంది. నల్లగీత అలా పుట్టిందే. ఇంకో రెండు షాపులు తిరిగితే సీల్ దొరికింది.

ఇంజన్ కింద, ముందు బంపరు వెనక ఉండాల్సిన రబ్బరు షీల్డు కూడా లేదు. రోడ్డు మీది నీళ్లు నేరుగా పైకి చిమ్మేది అందుకే. సైజు కొలుచుకుని, పాత కన్వేయర్ బెల్టు ముక్క కోసి బిగించాను. చూడ్డానికి అందంగా లేదు, పని చేస్తోంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ తీగ విప్పి, ప్లగ్గుల చుట్టూ, కాయిల్ పైనా ఏళ్లనాటి ఉప్పు పొరను మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచాను. నాలుగుసార్లు గుడ్డ మార్చాను. నీళ్ల ప్రెషర్ కొట్టించవద్దు. ఇప్పుడు బండిని ఇల్లు వైపు ముఖం పెట్టి నిలుపుతున్నాను. ఇంతకాలం ముక్కు సముద్రం వైపే ఉండేది.

ఆగస్టు 24

ఇంట్లో చేసే పరీక్షల కంటే పెద్ద పరీక్ష పెట్టాను. అమ్మను, అమ్మాయిని ఎక్కించుకుని తెల్లవారుజామున అరకు బయల్దేరాను. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. డముకు నుంచి అనంతగిరి దాకా పొగమంచు, కాఫీ తోటల మీదుగా మబ్బు రోడ్డు మీదికి దిగుతోంది, సన్నటి తుంపర. రెండో గేరులో నిండా తొక్కి ఎక్కించాను. చెమ్మ, లోడు, రెండూ ఒకేసారి ఉన్నాయి. తప్పు మిగిలి ఉంటే ఇక్కడ బయటపడి తీరాలి. చెవులు రిక్కించి ఒక్క తడబాటు కోసం ఎదురుచూశాను. గాలికొండ దగ్గర బండి ఆపి అరగంట టీ తాగి, చల్లబడ్డాక మళ్లీ సెల్ఫు కొట్టాను. వెంటనే అందుకుంది.

“మీ నాన్న ఇక్కడే ఆపేవారు” అంది అమ్మ. అంతకంటే ఏమీ అనలేదు.

సెప్టెంబరు 14

మేస్త్రి గారికి ఫోన్ చేసి పాత క్యాప్ ఏం చెయ్యమంటారని అడిగాను. పారెయ్యొద్దు, ఆ గీత కుర్రాళ్లకు చూపిస్తానన్నారు. సాయంత్రం వెళ్లి ఇచ్చి వస్తాను. 2వ వైరు మాత్రం స్కూలు ల్యాబులో ఉంచాను. పిల్లలకు మల్టీమీటరు ఇచ్చి వైరు బాగుందో లేదో చెప్పమని అడుగుతున్నాను, ఆ తర్వాత బైండింగ్ తీగ కొరికిన చోటు చూపిస్తున్నాను.

కూలెంట్ గీత అక్కడే ఉంది. కాయిల్ బ్రాకెట్ తుప్పు పట్టింది, దసరా సెలవుల్లో తీసి రంగు వెయ్యాలి.

ఈ పొద్దున 5:40. రాత్రి వాన. మీటరు 91. ఒక్క సెల్ఫు. మిస్సింగ్ లేదు.